ఇతరములు

మధ్యాహ్నం ఒంటిగంటకి పాత వంతెన మొదట్లో నీడ అనేది ఒక్కచోటే ఉంటుంది, లారీ పక్కన. అదీ లారీ ఆగితేనే. ఆగిన లారీ కాస్తా కదిలిపోగానే ఎండ మళ్ళీ లెక్కలమ్మ నెత్తిమీదికి వచ్చి కూర్చుంది. ఆమె లారీల గడిలో ఒక గీత గీసి, నోట్లోకి పోయిన దుమ్ము ఊసేసి, వెనకే వచ్చిన రెండు మోటారు సైకిళ్ళకి వాటి గడిలో రెండు గీతలు గీసింది. నాలుగు గీతలు నిలువు, ఐదోది అడ్డం. పొద్దున్న ఆరింటినుంచీ ఇదే పని. మంచినీళ్ళ సీసా పదింటికే ఖాళీ అయింది. నింపుకొద్దామని లేస్తే ఈలోగా పోయే బళ్ళు ఆమె కోసం ఆగవు.

అయినా ఈ పని ఆమెకి సుఖంగానే ఉంది. కారణం కిందున్న ప్లాస్టిక్ స్టూలు.

నది అవతల చొక్కాల షెడ్డులో పదకొండేళ్ళుగా ఆమె ముక్కలు లెక్కపెడుతోంది. కాలర్లు, జేబులు, చేతులు. ఇరవై ఐదు చొప్పున కట్ట కట్టడం, కట్టకి చీటీ పెట్టడం, చీటీ మీద సంతకం చెయ్యడం. ఆ సంతకం కింద ఒక్క ముక్క తగ్గినా దాని ఖరీదు ఆమె జీతంలోనుంచి పోతుంది. అందుకని షెడ్డులో అందరూ ఆమెని లెక్కలమ్మ అనేవారు. చివరికి ఇంట్లో మొగుడు కూడా అదే పేరుతో పిలవసాగాడు. పని నిలబడే చెయ్యాలి. రోజుకి మూడు వందల ఎనభై, మోకాళ్ళ కింద ఉబ్బిన నీలం నరాలు అదనం. ఇక్కడ మూడు రోజుల పనికి రోజుకి ఆరు వందలు, పైగా కూర్చుని. పని బాగా చేస్తే కొత్త వంతెన కట్టే రెండేళ్ళూ సైటులో కూలీల హాజరు వేసే ఉద్యోగం ఇప్పిస్తానని కూడా చెప్పాడు సర్వే సారు. దానికి కుర్చీ ఉంటుందట, చేతులున్న కుర్చీ. ఫ్యాను కూడా ఉంటుందట. ఆ రాత్రి లెక్కలమ్మకి కలలో ఫ్యాను కనిపించింది.

సర్వే సారుని వంతెన దగ్గర అందరూ హెల్మెట్ సారు అంటారు. బండి దిగినా హెల్మెట్ తియ్యడు. వంతెన మీద నమ్మకం లేక అని కొందరు, జుట్టు మీద నమ్మకం లేక అని కొందరు.

"పాతది ఎనభై ఏళ్ళది, కూలగొట్టేస్తారు. పక్కనే నాలుగు వరుసల వంతెన వస్తుంది. కొత్తది ఎంతుండాలో తెలియాలంటే పాతదాని మీద ఎవరెవరు పోతున్నారో తెలియాలి గదమ్మా," అన్నాడు మొన్న. సబబుగానే ఉందనిపించింది. నిన్నంతా నమ్మింది కూడా. ఇవాళ పొద్దున్న పదకొండింటికి ఆయన వచ్చి, నిన్నటి కాగితాలు ముందుకీ వెనక్కీ తిరగేసి, దూరంగా నడిచి వెళ్ళి ఎవరితోనో ఫోనులో మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ ఆమెనే చూశాడు. మనల్ని చూస్తూ మనకి వినపడనంత దూరంలో మాట్లాడే మనిషి మన క్షేమం గురించి మాట్లాడడని లెక్కలమ్మకి తెలుసు. షెడ్డులో మేనేజరు పనిలోనుంచి తీసేసే ముందు సరిగ్గా అలాగే చూస్తాడు.

ఇప్పుడు హెల్మెట్ సారు మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో నీలం అట్ట ఫైలు ఉంది.

"ఏమ్మా, నిన్న 'ఇతరములు' గడిలో ఏం రాశావు?"

"నాలుగు వేల నూట పన్నెండు సార్."

"ఏమిటవి?"

"మనుషులు సార్."

హెల్మెట్ లోపలినుంచి దగ్గులాంటిదేదో వచ్చింది. అది నవ్వని తెలియడానికి కొంచెం టైము పట్టింది.

"ఇతరములంటే ట్రాక్టర్లమ్మా! రోడ్డు రోలర్లు! ఏ గడిలోనూ పట్టని పెద్ద బళ్ళు. నువ్వు రాసింది రాసినట్టు కంప్యూటర్లో కొట్టాం. నిన్న ఒక్కరోజులో ఈ వంతెన మీద నాలుగు వేల రోడ్డు రోలర్లు నడిచాయని వచ్చింది. పద్దెనిమిది వరుసల వంతెన కట్టాలంది. మా పెద్దసారు టీ తాగుతున్నాడు, అంతా చొక్కా మీద పోసుకున్నాడు."

లెక్కలమ్మకీ నవ్వొచ్చింది. షెడ్డులో పక్క మిషను ఆవిడ రోడ్డు రోలరులాంటి నడక గుర్తొచ్చి ఇంకా నవ్వొచ్చింది. కానీ నవ్వుతూనే కాగితం వంక చూసింది. బస్సుకి గడి ఉంది. కారుకి ఉంది. సైకిలుకి ఉంది. ఎద్దుబండికి కూడా విడిగా ఒక గడి ఉంది. ఈ ఊళ్ళో ఎద్దుబండి చూసినవాళ్ళెవరైనా బతికుంటే వాళ్ళకి తొంభై ఏళ్ళుంటాయి.

"మరి నడిచేవాళ్ళని ఏ గడిలో వెయ్యమంటారు సార్? వాళ్ళే గద ఎక్కువ?"

"వాళ్ళకి వేరే ఫారం ఉందమ్మా. అది అయిపోయింది. నువ్వు చెయ్యాల్సిందల్లా నిన్నటి కాగితం తిరగరాసి ఇతరముల్లో సున్నా పెట్టడం. ఇంకో సంతకం ఉంది, అది కూడా పెట్టేస్తే ఈ ఫైలు సాయంత్రం వెళ్ళిపోతుంది. నీ ఉద్యోగం కాగితం కూడా ఇందులోనే ఉంది చూడు."

చూపించాడు. నిజంగానే ఉంది. 'హాజరు గుమాస్తా' అని టైపు కొట్టి ఉంది. లెక్కలమ్మకి ఒక్క క్షణం మెడ మీద ఫ్యాను గాలి తగిలినట్టయింది.

దాని కింద ఉంది ఆ ఇంకో కాగితం. 'పాదచారుల లెక్క'. మొత్తం నింపేసి ఉంది, అందమైన చేతిరాతలో. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు, రెండు వందల పన్నెండు. 'లెక్కించినవారు' అన్న చోట మాత్రం ఖాళీ.

కాలర్ల లోపల కుట్టే కొలత చీటీలు చదివి చదివి లెక్కలమ్మ కళ్ళు చిన్న అక్షరాలకి అలవాటుపడ్డాయి. అసలు చిన్న అక్షరాల్లో ఉన్నదే ముందు చదవాలని ఆమెకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. కాగితం అడుగున చీమల బారులా ఒక వాక్యం ఉంది: రోజుకు వెయ్యిమంది లోపు పాదచారులున్న వంతెనలకు కాలిబాట అవసరం లేదు.

ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివింది. తరవాత పైకి వెళ్ళి తేదీ చదివింది. పోయిన సోమవారం.

"కొత్తదానికి కాలిబాట లేదా సార్?"

"అంత స్పీడుగా బళ్ళు పోయేచోట నడవడమేమిటమ్మా, ప్రమాదం గదా! మీ మంచికే. చుట్టూ తిరిగి బస్సు వేస్తారు. పన్నెండు కిలోమీటర్లు, ఎంతసేపు?"

"పోను ఇరవై రూపాయలు, రాను ఇరవై," అంది లెక్కలమ్మ. లెక్క ఆమె ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది. "మూడు వందల ఎనభైలో."

"అబ్బ, అవన్నీ తరవాత. డిజైను ఎప్పుడో అయిపోయిందమ్మా. ఇవన్నీ ఊరికే ఫైలు నిండటానికి."

డిజైను ముందు, లెక్క తరవాత. చొక్కా కుట్టేసి, అందులో పట్టే మనిషి కోసం వెతకడం లాంటిదన్నమాట. ఆమె పెన్ను పట్టుకుంది గానీ మూత తియ్యలేదు.

అంతలో అవతలి ఒడ్డునుంచి అత్త వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర తుడిచే పని ఆవిడది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడవాలి గనక రోజుకి నాలుగుసార్లు వంతెన దాటుతుంది. అరవై మూడేళ్ళ వయసులో ఆవిడ పళ్ళు మాత్రం ఆ డాక్టరు ఎప్పుడూ చూడలేదు. ఉన్నవి ఐదే, ఫీజు అడుగుతాడేమోనని డాక్టరు ముందు నోరు తెరవదు. మిగతా లోకం ముందు మూయదు.

"ఏమే, మొహం అంతలా వాడిపోయింది? ఇదిగో నీళ్ళు. ఈయనెవరు, అంతరిక్షంలోకి పోయేవాడిలా నెత్తిన ఆ హెల్మెట్ ఏమిటి?"

"సర్వే సారు అత్తా. సంతకం పెట్టమంటున్నారు."

"పెట్టు మరి! సంతకానికి కూడా డబ్బులిస్తే నేనూ పెడతాను, వేలిముద్రయినా సరే."

"చూశావా, పెద్దావిడకి అర్థమైంది," అన్నాడు హెల్మెట్ సారు హుషారుగా.

లెక్కలమ్మ నీళ్ళు సగం తాగి, మిగిలినవి మొహం మీద చల్లుకుంది. "అత్తా, పోయిన సోమవారం పనిలోకి ఎట్లా వెళ్ళావు?"

"ఎట్లా వెళతానే? వెళ్ళలేదు. ఇసక లారీలు వరసగా నిలబెట్టి వంతెన బలం చూస్తున్నామని రెండు పక్కలా తాళ్ళు కట్టేశారు గదా. కుక్కని కూడా పోనివ్వలేదు. మీ షెడ్డుకీ ఆరోజు సెలవేగా. డాక్టరు నాకు రోజు జీతం కోసేశాడు, ఆ మనిషి చేతికి పీకడం తప్ప పెట్టడం ఎక్కడ..."

ఆవిడ ఆగింది. కోడలు కాగితం మీది తేదీ దగ్గర వేలు పెట్టి హెల్మెట్ సారు వంక చూస్తోంది.

"ఆరోజు వంతెన మూసేశారు సార్."

"అది ఆఫీసు చూసుకుంటుందమ్మా."

"ఈ రెండు వందల పన్నెండు మందీ ఎవరు సార్?"

"ఎవరో ఒకరు. నడిచినవాళ్ళు."

"ఆరోజు నడిచింది ఇంజనీర్లూ, తాళ్ళు పట్టుకున్నవాళ్ళూనే."

"అయితే వాళ్ళే అనుకో!" హెల్మెట్ సారు గొంతు మారింది. "చూడమ్మా, నీకంటే చదువుకున్నవాళ్ళు నలుగురు అడిగారు ఈ పని. నువ్వు చురుగ్గా ఉన్నావని నీకిచ్చాను. ఊళ్ళో మనిషి సంతకం ఒకటి కావాలి, అంతే. పెట్టినంత మాత్రాన నీ సొమ్మేం పోదు. పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. కుర్చీలో వాళ్ళు కూర్చుంటారు."

అది నిజమేనని లెక్కలమ్మకి తెలుసు. ఈ మధ్యాహ్నం ఆయన చెప్పినవాటిలో అదొక్కటే పూర్తి నిజం. అత్త కళ్ళు కోడలి కాళ్ళ మీదికి పోయాయి, నీలం నరాల మీదికి. సాయంత్రాలు గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పేసి ఆ కాళ్ళు నానబెట్టేది ఆవిడే. పెట్టమనీ అనలేకపోయింది, వద్దనీ అనలేకపోయింది. ఇంత మాటకారి మూగబోవడం లెక్కలమ్మ పెళ్ళయ్యాక ఇదే చూడటం.

అవతలి ఒడ్డున షెడ్డు సైరను మోగింది. రెండు గంటలు. పొద్దుటి షిఫ్టు వదిలారు.

లెక్కలమ్మ పాదచారుల కాగితాన్ని మడత పడకుండా ఫైలులో పెట్టింది. దాని మీద ఉద్యోగం కాగితం పెట్టింది. అట్ట మూసి, రెండు చేతులతో ఆయనకి అందించింది.

"నేను లెక్కపెట్టని కట్టకి నేను సంతకం పెట్టను సార్."

"ఇది చొక్కాల కట్ట కాదమ్మా!"

"కాదు సార్. చొక్కా తగ్గితే నా జీతంలో పట్టుకుంటారు. ఇక్కడ మూడు వేల తొమ్మిది వందలమంది తగ్గారు. ఎవరి జీతంలో పట్టుకుంటారో మీరు చెప్పలేదు."

హెల్మెట్ సారు ఫైలు లాక్కున్నాడు. ఆమె ఒళ్ళో ఉన్న అట్టా, గడుల కాగితాలూ లాక్కున్నాడు. "లే. స్టూలు ఆఫీసుది." ఆమె లేచింది. పదకొండేళ్ళుగా నిలబడిన అలవాటు, కష్టమేమీ కాలేదు. "రెండు రోజుల కూలి?" అంది. "ఆఫీసుకొచ్చి అడుగు," అన్నాడు. ఆఫీసు ఎక్కడుందో చెప్పలేదు. స్టూలుని కాళ్ళు పైకి వచ్చేలా బండి వెనక తాడుతో కట్టి, అవతలి ఒడ్డుకి బయల్దేరాడు.

పావు వంతెన కూడా దాటలేదు, ఎదురుగా షిఫ్టు వచ్చింది. అరిగిన చెప్పులూ, ఖాళీ టిఫిను డబ్బాలూ, దారం పోగులు అంటుకున్న జుట్లూ వంతెన వెడల్పంతా నింపుకుంటూ వచ్చాయి. పక్కనున్న కాలిబాట చాలక ఎప్పటిలాగే సగంమంది రోడ్డు మీదే నడుస్తున్నారు. లారీలు ఆగిపోయాయి. హెల్మెట్ సారు హారను కొట్టాడు. ఎవరూ తప్పుకోలేదు, కోపంతో కాదు, తప్పుకోవడానికి చోటు లేదు. ఆయన ఇంజను ఆపి, బండి దిగి, తోసుకుంటూ నడవసాగాడు.

లెక్కలమ్మ సంచిలో చెయ్యిపెట్టి గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసింది. వంతెన పిట్టగోడ మీద, మసిబారిన సిమెంటు మీద, ఒక గీత గీసింది. రెండు. మూడు. నాలుగు. ఐదోది అడ్డం.

"ఏం చేస్తున్నావే?" అంది అత్త.

"లెక్క."

"ఎవరికే? ఆయన కాగితాలు పట్టుకుపోయాడుగా."

లెక్కలమ్మ ఇంకో గీత గీసింది. మాట్లాడితే లెక్క తప్పుతుంది. కాసేపు చూసి అత్త సంచి కింద పెట్టింది. "అటుపక్క అంచున నడిచేవాళ్ళు నీకు కనపడటం లేదు," అని గొణిగి, కోడలి చేతిలోని సుద్దముక్క విరిచి సగం తీసుకుని, రోడ్డు దాటి ఎదుటి గోడ దగ్గర నిలబడింది. ఆవిడకి చదువు రాదు. గీత గీయడానికి చదువెందుకు?

"ఏయ్, బండి తోసుకుపోయేవాడిని కూడా వెయ్యనా?" అని అక్కణ్ణుంచి కేకేసింది.

"నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడు. చెమటలు కక్కుతూ."

"అయితే వెయ్యి అత్తా."

ఆ గోడలు ఏ నెలలో కూలగొట్టాలో నీలం అట్ట ఫైలులో రాసే ఉంది. జనం ఇంకా వస్తున్నారు. ఒకావిడ ఆగి గీతల వంక అనుమానంగా చూసి, "ఏమిటివి?" అంది. లెక్కలమ్మ తల తిప్పకుండానే ఆవిడకి కూడా ఒక గీత గీసింది.