జాగ్రత్తమ్మ నూరిన నీలం

ల్యాబ్‌లో నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ నేను జాగ్రత్తమ్మనే. వెటకారంగా మొదలుపెట్టారు, తర్వాత అదే ఖాయమైపోయింది. రాళ్లూ, మట్టీ, ఇటుక ముక్కలూ పొడి చేసి పరీక్షకు పంపే గది నాది. తిరుగుతూ నూరే బాల్ మిల్లు జార్‌లో గుండ్లు ఎన్ని వెయ్యాలో, మూత బిగింపు ఎన్నిసార్లు చూడాలో, చెవులకు ఏం తగిలించుకోవాలో ఒకటికి పదిసార్లు చెబుతాను. వినేవాళ్లకు విసుగొస్తుంది గానీ నాకు రాదు.

ఆ రోజు పొద్దున్నే కిటికీ అవతల మంచు పట్టి ఉంది. ఎదురు మేడ సగం వరకే కనిపిస్తోంది. మా అక్క లోపలికొచ్చి, చేతిరుమాలు విప్పి బల్ల మీద ఒక పెంకు పెట్టింది. అరచేతిలో పట్టేంత ముక్క. దాని మీద నీలం చూస్తే నిద్ర కళ్లతో కిటికీ తీసినప్పుడు కనిపించే ఆకాశం గుర్తొస్తుంది. లోతు ఎంతో తెలియదు.

"ఇదొక్కటే మిగిలింది. నూరితే ఇక ఉండదు కదా?" అంది అక్క.

"ఉండదు."

"లెక్క తప్పితే?"

"మళ్లీ నూరడానికి ఏమీ ఉండదు. అందుకే కాసేపు మాట్లాడకుండా కూర్చో."

మా అమ్మ మట్టి గిన్నెలు చేసేది. అక్కా అదే పని చేస్తుంది. అమ్మ గిన్నెల మీద పూసే గ్లేజు, అంటే గాజులాంటి పూత, బట్టీలో కాలాక ఈ నీలంగా తేలేది. అన్నీ అమ్ముడుపోయాయి. పగిలిన ఒక్క గిన్నె మాత్రం ఎవరూ కొనలేదు గనక ఇంట్లో మిగిలింది. పన్నెండేళ్ల కిందట ఒక బట్టీలో నీలం రాలేదు. గిన్నెలన్నీ పాలిపోయిన తెలుపుతో వచ్చాయి. తర్వాతి బట్టీలోనూ అంతే. నాలుగోసారి అమ్మ మట్టి చేతులు కడుక్కుని, "నా చెయ్యి పోయింది," అని లేచింది. ఆ తర్వాత మట్టి ముట్టుకోలేదు. ఇప్పుడు అక్క పనిగదిలో కిటికీ పక్కన కూర్చుని అక్క గిన్నెలు తడిమి చూస్తుంది. 

అమ్మ నోటుపుస్తకంలో మూడే దినుసులు ఉన్నాయి. తెల్లరాయి పొడి, కట్టెల బూడిద, తెల్లమట్టి. అక్క ఎన్నిసార్లు కలిపినా తెలుపే వచ్చింది. అమ్మ ఏదో ఒకటి రాయడం మరిచిపోయిందని అక్క అనుమానం. అమ్మను అడిగితే, "దాచుకోవడానికి నాకేముంది? నీలం నా చేతిలో ఉండేది. చేతితోపాటే పోయింది," అంటుంది. ఆ మాట వినలేకే అక్క పెంకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పెంకులో ఏముందో తెలిస్తే అమ్మ చేతిని మళ్లీ మట్టిలో పెట్టించవచ్చని అక్క ఆశ.

అలమరలో మూడు రకాల జార్లున్నాయి. స్టీలుది గబగబా నూరుతుంది, కానీ తానూ కాస్త అరిగి పొడిలో ఇనుము కలుపుతుంది. అకీకు రాయిది శుభ్రమైనదే గానీ సున్నితం, గట్టి దెబ్బకు చిట్లుతుంది. జిర్కోనియా అనే పింగాణీలాంటిది తెల్లగా, రాయికన్నా గట్టిగా ఉంటుంది. దాన్నే తీశాను. పెంకు కొంచెమే కాబట్టి చిన్న జార్. గుండ్లను ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి పగుళ్లు లేవని చూశాను. ముందు శుభ్రమైన ఇసుక నూరి ఆ పొడిని విడిగా కట్టిపెట్టాను. జార్ నుంచి ఏదైనా కలిస్తే ఆ ఇసుకలో దొరికిపోతుంది.

తర్వాత పెంకు మీది గ్లేజును ఊడదీసి రాతి కలవంలో చిన్న పలుకులు చేశాను. సుత్తి ముట్టలేదు. పలుకులు జార్‌లో పోస్తుంటే అక్క తొంగిచూసింది.

"ఇంత ఖాళీ ఎందుకు?"

"మూడో వంతు ఖాళీ వదలాలి. గుండ్లు ఎగిరి పడడానికి చోటు లేకపోతే ఊరికే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఏదీ నలగదు."

మూత బిగించి, ఎదురుగా సరిపడే బరువు పెట్టి, పైన కప్పు మూసి మీట నొక్కాను. ఇద్దరం చెవులకు తొడుగులు పెట్టుకున్నాం. గది అంతా మెత్తటి గుర్రుమనే శబ్దంలో మునిగింది. మంచు కిటికీకి ఆనుకుని నిలబడింది. అక్క పెదవులు కదిలాయి, ఏమందో నాకు వినిపించలేదు.

మిల్లు ఆగగానే అక్క చెయ్యి చాచింది.

"చెయ్యి తియ్యి. లోపల వేడెక్కి గాలి ఉబ్బి ఉంటుంది. ఇప్పుడు మూత తీస్తే పొడి మొహాన కొడుతుంది. అరగంట ఆగాలి."

"ఇంట్లోనూ ఇంతేనా నువ్వు? మీ ఆయన ఎలా వేగుతున్నాడో."

ఆ అరగంట ఏమీ చెయ్యకుండా కూర్చున్నాం. జార్ మెల్లగా చల్లారుతోంది. చిన్నప్పుడు నిద్రలో వినిపించిన శబ్దం ఒకటి నా చెవుల్లో తిరిగింది. ఠంగు, ఠంగు. అమ్మ గంటల తరబడి దినుసులు నూరుతుంటే ఆ లయ మీదే మేమిద్దరం నిద్రపోయేవాళ్లం. అక్కకూ అదే వినిపించిందేమో, వేలితో బల్ల మీద తాళం వేస్తోంది. నేను గమనించాను, కానీ ఆలోచించలేదు.

మర్నాడు ఫలితం వచ్చింది. పెంకు మీది గ్లేజులో నూటికి ఒక పాలు ఇనుము. పొగ కమ్మిన బట్టీలో కాలితే ఆ కాస్త ఇనుమే నీలం ఇస్తుంది. ముందు నన్ను నేనే తిట్టుకున్నాను, నా జార్ నుంచే కలిసిందేమోనని. ఇసుక ఫలితం చూశాను. అందులో ఇనుము లేదు. అక్క దగ్గరున్న మూడు దినుసులూ పరీక్షించాం. వాటిలోనూ లేదు.

"మరి ఎక్కడినుంచి వచ్చింది?" అంది అక్క.

అప్పుడు ఆ ఠంగు మళ్లీ వినిపించింది. రాయి అలా మోగదు. ఇనప కలవం మోగుతుంది.

 కొత్తగా ఉద్యోగంలో చేరి, మొదటి శిక్షణ ముగించుకుని, తల నిండా చదువుతో ఇంటికి వెళ్లిన రోజు గుర్తొచ్చింది. "అమ్మా, ఇనప కలవంలో నూరకూడదు, ఇనుము కలిసి అంతా పాడవుతుంది," అన్నాను. కలవాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేసి, తెల్లటి పింగాణీ జార్ ఉన్న చిన్న మిల్లు కొనిచ్చాను. నా కూతురు ఎంత చదివిందో అని అమ్మ మురిసిపోయింది. ఆ తర్వాతి బట్టీలోనే నీలం పోయింది. అమ్మ చెయ్యి పోలేదు. అందులోని ఇనుమును నేనే తీసేశాను. పన్నెండేళ్లపాటు ఆ తప్పును ఆవిడ తన మీద వేసుకుని కూర్చుంది.

ఆ వారమే ఒక స్టీలు జార్, స్టీలు గుండ్లు కొని అక్క పనిగదికి వెళ్లాను. అమ్మ ముందు కూర్చుని జరిగినదంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. అమ్మ చాలాసేపు తన అరచేతుల్ని బోర్లించి, వెల్లకిలా తిప్పి చూసుకుంది.

"అయితే ఇది బాగానే ఉందన్నమాట," అంది.

లేచి తనే దినుసులు తూచింది. మూడో వంతు ఖాళీ అని నేను చెప్పేలోపే ఆ మేరకు నింపి ఆగింది. అది ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు నేను కొనిచ్చిన మిల్లు రోలర్ల మీదే ఈ కొత్త జార్ దొర్లడం మొదలైంది. లోపల గుండ్లు మోగుతుంటే అమ్మ కళ్లు మూసుకుని, జార్ మీద చెయ్యి వెయ్యబోయింది.

"అమ్మా, తిరుగుతున్నప్పుడు చెయ్యి పెట్టకూడదు."

అమ్మ కళ్లు తెరిచి నావైపు చూసింది.

"ఇదివరకు ఒకసారి నీ మాట విన్నాను కదే," అంది.

నేను తల దించుకున్నాను. అమ్మ నవ్వి, చెయ్యి వెనక్కి తీసుకుని నా తల మీద పెట్టింది.