చలిపెట్టె

పురుగులక్క బ్రష్షుతో గాజు బోనుల మూలలు ఊడుస్తోంది. రెక్కల పురుగుల పొలుసులు బూడిదలా లేచి ఎండలో మెరుస్తున్నాయి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా దగ్గు ఆగలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఊపిరి దారికొచ్చాక మళ్లీ బ్రష్షు అందుకుంది.

పరిశోధన కేంద్రంలో చేరిన నాటినుంచీ ఆమెది ఈ గదే. ఆపిల్ కాయను తొలిచే పురుగును పెంచడం, మేత కలపడం, బోనులు కడగడం. పెళ్లి మాట తలపెట్టకుండా తమ్ముణ్ణి పెంచి ఒక దారికి తెచ్చింది. పిల్లల్లేరా అని ఎవరైనా అడిగితే, "ఎందుకు లేరు? బోనుల నిండా ఉన్నారు, ఒక్కడూ మాట వినడు" అనేది.

ఆ పొలుసులే ఊపిరితిత్తుల్లో చేరాయని, గది మారమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. గేటు దగ్గర పని ఇస్తామన్నారు. "చలిపెట్టె తెరిచేదాకా ఉంటాను" అంది. రాబోయే ఏళ్లలో కొండమీద ఎంత చలి మిగులుతుందో, ఆ పెట్టెలో అంతే చలి పెట్టి పురుగుల గూళ్లను ఉంచారు. ఇంతవరకూ కొండ చలికి ఈ పురుగు బతకలేదు. తమ్ముడి ఆపిల్ తోట ఆ కొండమీదే.

ఈరోజు పెట్టె తెరుస్తారు. సాయంత్రం తమ్ముడొచ్చి, మంచి గాలి తగులుతుందని ఆమెను తనతో తీసుకెళ్తాడు.

మేడం వచ్చింది. పురుగు ఎటు పాకబోతోందో లెక్కకట్టి మ్యాపులో రంగులేసే శాస్త్రవేత్త. ఇద్దరూ ట్రే బయటికి లాగారు. పురుగులక్క ఒక గూడును సూదితో చీల్చి, లోపలి పురుగును అరచేతిలో పెట్టుకుంది. కాసేపు కదలిక లేదు. చేతి వెచ్చదనానికి అది మెల్లగా తలెత్తి, అటూ ఇటూ వెతికింది.

"ఇంకోటి చూద్దాం అక్కా," అంది మేడం.

అదీ కదిలింది. ఆ తర్వాతదీ.

"అయితే కొండమీదికీ పోతాయా?"

"పోతాయి. కానీ దానికింకా చాలా ఏళ్లు పడుతుందిలే."

పురుగులక్క తమ్ముడికి ఫోన్ చేసింది. బస్సు హోరు వినిపించింది.

"ఒరేయ్, ఈ ఏడు కొత్త మొక్కలు నాటకు. పురుగు చలికి చావట్లేదు."

"మా చలికి మనుషులే బిగుసుకుపోతారు, పురుగొక లెక్కా? ముందు నువ్వు బట్టలు సర్దుకో అక్కా."

"నవ్వకురా, చెప్పేది విను..." దగ్గు తెర ముంచుకొచ్చింది.

"వచ్చాక మాట్లాడుకుందాంలే."

మధ్యాహ్నానికి బోనులన్నీ కడిగి బోర్లించింది. గది ఉడికిపోతోంది. ఫ్యానేస్తే పొలుసులు లేస్తాయని వేసుకోలేదు. స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించింది. తర్వాత వచ్చిన మేడం కునుకు తీస్తోందనుకుని భుజం తట్టింది. ఒళ్లో ఉన్న చెయ్యి జారి పక్కకు వేలాడింది.

తమ్ముడొచ్చేసరికి వరండాలో దుప్పటి కప్పి ఉంచారు. చేతిలో సంచితో అలాగే నిలబడిపోయాడు.

"ఫోన్లో ఇంకేదో చెప్పబోయింది మేడం. ఏం చెప్పబోయింది?"

మేడం జారిన దుప్పటి అంచు సర్దింది. అతను సంచిని బల్లమీద పెట్టి, "అక్కకని తెచ్చాను. మన తోటలో ఈ ఏడు మొదటి కోత," అన్నాడు. అక్కతో పాటు వ్యాను ఎక్కాడు.

వ్యాను మలుపు తిరిగాక మేడం సంచి విప్పింది. ఎర్రగా, నున్నగా ఆపిల్ పళ్లు. పైదాన్ని తీసి తిప్పి చూసింది. తొడిమ పక్కన గుండుసూది తలంత రంధ్రం, దాని అంచున ఇంకా తడారని గోధుమరంగు పొట్టు.