పెద్ద కోర్టు విప్పించిన తాడు

పొద్దున్న ఆరింటికి చర్చి గంట కొట్టగానే కాలవగట్టు మీది షెడ్డులో రాట్నాలు తిరగడం మొదలయ్యేది. ఓ పక్క నానేసిన కొబ్బరి డొక్కల్ని బాదుతూంటే, ఇంకో పక్క ఆడవాళ్లు ఒళ్లో పీచు కట్టుకుని, వేళ్లతో అందిస్తూ, రాట్నం దగ్గర్నించి వెనక్కి వెనక్కి నడిచేవారు. నలభై అడుగులు నడిస్తే నలభై అడుగుల తాడు. రాజోలు తాలూకాలో ఆడవాళ్లు వెనక్కి నడిచి కట్టినన్ని ఇళ్లు మగవాళ్లు ముందుకి నడిచి కట్టలేదని కృపావతి అనేది. అనడానికి ఆవిడకి హక్కుంది. డెబ్భైతొమ్మిదిలో పేటలోని ముప్ఫయ్యొక్క మంది ఆడవాళ్లని కూడగట్టి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టింది ఆవిడే.

డొక్కలు బాదుకునేవాళ్లకి కంపెనీ ఏవిటని ఊళ్లో పెద్దమనుషులు పళ్లికిలించేరు. లిమిటెడ్ అంటే ఏవిటో చెప్పమని ఒకాయన బజారులో ఆపి మరీ అడిగేడు. హద్దుందని అర్థమండి, మీ నోటికి కూడా ఉంటే బావుండును, అని చెప్పి కృపావతి తన దారిన పోయింది.

పేనేటప్పుడు మాట్లాడిన మాట తాడు పురిలో ఉండిపోయేది. పురి విప్పితే బయటికొచ్చేది. అందుకని చర్చి గంటకి కట్టే తాడు కీర్తనలు పాడుతూ పేనేవారు. గేదెల పలుపులు నోరు మూసుకుని పేనేవారు. ఓసారి సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు కట్టే మోకు అరిగి పురి వదిలితే, పులుసులో చింతపండు ఎక్కువైందని ఎవరో అత్తగారు కోడల్ని తిట్టిన తిట్లు గంటసేపు వినబడ్డాయి. పంటువాడు కొత్త మోక్కి కబురెడుతూ, ఈసారి నెమ్మదస్తుల చేత పేనించమన్నాడు.

కంపెనీ కాయితాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. కృపావతి తెలుగయితే అచ్చులో ఏదున్నా వదలదుగానీ ఇంగ్లీషు రాదు. ఆ కాయితాల పని కొబ్బరి వ్యాపారి గంగాధరరావు చూసేవాడు. ఒక ఏడు గోదారి వరదలొచ్చి వాటాదార్ల సభ జరగలేదు. జరిగినట్టు కాయితం రాయించి తెచ్చి, మామూలు కాయితమేనమ్మా, ఇక్కడో సంతకం అన్నాడు. ఆవిడ పెట్టింది. సభ జరగలేదని పైవాళ్లకి తెలిసి అది కేసయింది.

కేసు విన్న మేజిస్ట్రేటు ఈ ప్రాంతం వాడు కాదు. జరగని సభ జరిగిందని తెలిసే సంతకం పెట్టేవా అని అడిగేడు. కృపావతి చేతులు కట్టుకుని, "ఆయ్" అంది. కోనసీమలో ఆయ్ అంటే మీ మాట చెవిన పడిందండీ అని. పెద్దవాళ్లు మాట్లాడుతూంటే మధ్యమధ్య ఆయ్ అనకపోతే పొగరంటారు. ఆయన అడిగిందానికి జవాబు ఆ తరవాత చెబుదామనే ఆవిడ ఊపిరి కూడా తీసుకుంది. ఈలోపే ఆయన నేరం ఒప్పుకుందని రాసేసుకున్నాడు. జరిమానా వేసి, ఐదేళ్లపాటు కోర్టు అనుమతి లేకుండా ఏ కంపెనీ నడపడంలోనూ చెయ్యి పెట్టకూడదన్నాడు. తప్పు చేసి శిక్షపడ్డవాళ్లు లోకంలో కొల్లలు. మర్యాద చేసి శిక్షపడ్డది ఆవిడొక్కత్తే.

కృపావతి కుర్చీ దిగి రాట్నం దగ్గరికెళ్లి కూలీగా నిలబడింది. ఆ కుర్చీలో గంగాధరరావు కూచున్నాడు. రెండో డైరెక్టరు దానమ్మ, వరసకి కృపావతికి పిన్ని, అలాగే ఉండిపోయింది. రెండేళ్లు గడిచేయి. ఎనభైమూడు వేసంగిలో గంగాధరరావు అందర్నీ పోగేసి, పీచుకి కాలం చెల్లింది, ఈ షెడ్డు తీసేసి రైసుమిల్లు పెడదాం అన్నాడు. మిల్లులో ఆడవాళ్లకి పనేవుంటుందండీ అని అడిగితే, ఊడవడానికి ఇద్దరు కావాలన్నాడు.

దానమ్మ ఆ రోజే కృపావతి రెక్క పుచ్చుకుని అమలాపురం ప్లీడరు కామేశ్వరరావు గారి దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన తీర్పు చదివి, ఇందులోనే దారుందన్నారు. అనుమతి లేకుండా నడపకూడదన్నారంటే అనుమతి అడగొచ్చని. హైదరాబాదులో పెద్ద కోర్టుకి అర్జీ పెట్టేరు.

సంగతి తెలిసి గంగాధరరావు అడ్డం తిరిగేడు. ఆవిడ కోర్టు మాట ఎప్పుడు విన్నదండీ, రాట్నం దగ్గర నిలబడి రెండేళ్లూ కంపెనీ ఆవిడే నడిపింది, కావలిస్తే ఆవిడ పేనిన తాడు విప్పి చూడండి, అని తన వకీలు చేత చెప్పించేడు. కోర్టు సరేనంది. కోర్టు మనిషి ఒకడొచ్చి షెడ్డులో ఆవిడ పేనిన తాడు చుట్టల్లో తనకి నచ్చినదొకటి ఎంచుకుని, లక్క సీలు వేసి పట్టుకుపోయేడు.

కామేశ్వరరావు గారికి నిద్ర లేదు. ఒక్క పురమాయింపు బయటపడినా అనుమతి మాట దేవుడెరుగు, జైలుంటుంది. ఎప్పుడేనా నోరు జారేరా అమ్మా, గుర్తు చేసుకోండి, అన్నారు.

"రెండేళ్ల మాటలు గుర్తుండవండి. మనసులో మటుకు రోజూ నడిపేనండి కంపెనీని. నోట్లోంచి రాలేదనే అనుకుంటున్నానండి," అంది కృపావతి.

వాయిదా రోజున కోర్టు బంట్రోతు బల్ల మీద చుట్ట పెట్టి, చివర పట్టుకుని పురి విప్పడం మొదలెట్టేడు. ముందు వాన గురించి కబుర్లొచ్చేయి. తరవాత కోడిపెట్ట పొరుగింట్లో గుడ్డు పెట్టిన పంచాయితీ. జడ్జిగారు చెయ్యి గడ్డానికి ఆనించి వింటున్నారు. ఇంకో బారెడు విప్పగానే దానమ్మ గొంతు.

"నర్సాపురం పడవలవాళ్లు మోకులడుగుతున్నారే. ఈ వారమే పంపేద్దావంటావా?"

"ఆయ్," అంది తాడులో కృపావతి.

గంగాధరరావు వకీలు లేచి నిలబడ్డాడు. ఇంతకన్నా ఏం కావాలండీ, డైరెక్టరు అడిగింది, ఈవిడ అవునంది, సరుకెళ్లింది, అన్నాడు. దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క మాట ఆ మనిషిని రెండోసారి ముంచుతోంది.

ఆ మాటకి అర్థమేవిటని జడ్జిగారు కృపావతినే అడిగేరు.

"విన్నానండీ అని అర్థమండి. ఒప్పుకున్నానని కాదండి."

వకీలు నవ్వేడు. అలాగని ఎవరేనా చెప్పుకోవచ్చన్నాడు. జడ్జిగారు బంట్రోతు కేసి చూసేరు. వాడు ఇంకో మూర విప్పేడు. ఈసారి గంగాధరరావు గొంతే ఖంగున వచ్చింది.

"కంపెనీని ముంచింది నువ్వు. పొగరుబోతు మనిషివి. తెలుస్తోందా?"

"ఆయ్."

"సిగ్గు లేదా నీకు?"

"ఆయ్."

కోర్టంతా గొల్లున నవ్వింది. వకీలు కూచున్నాడు. జడ్జిగారు నవ్వలేదుగానీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బంట్రోతు చేతుల్లో పురి ఇంకా విడుతూనే ఉంది. మళ్లీ దానమ్మ, ఈసారి విసుగ్గా, ఆయ్ కాదే, పంపమంటావా వద్దంటావా సరిగ్గా చెప్పి చావు, అంది. బంట్రోతు ఇంకో మెలిక విప్పేడు. కృపావతి జవాబొచ్చింది.

"నన్నడక్కు పిన్నీ. కోర్టు వద్దంది. ఆ తీర్పు తప్పే. తప్పయినా కోర్టు వద్దంది. నువ్వు డైరెక్టరువి, నువ్వే తేల్చుకో."

చుట్ట అయిపోయేదాకా అదే మాట ఇంకో పదిసార్లు వచ్చింది. డొక్కల గురించి ఒకసారి, లారీ గురించి ఒకసారి, ఆఖరికి గుమ్మంలో ముగ్గెవరెయ్యాలన్నదానిక్కూడా. బల్ల మీద పీచు గుట్టగా మిగిలింది.

జడ్జిగారు అనుమతి ఇస్తున్నామన్నారు. కృపావతి ఈ రోజు నించీ కంపెనీ నడుపుకోవచ్చు. ఒక్క షరతు. అనుభవమున్న మనిషి పైన ఉండడం మంచిది కాబట్టి గంగాధరరావు ఛైర్మనుగా ఉంటాడు, ఆయన సంతకం లేనిదే ఏదీ చెల్లదు. సరేనా అని అడిగేరు.

సరే అనమన్నట్టు దానమ్మ వెనకనించి పొడిచింది. కామేశ్వరరావు గారు కళ్లతో బతిమాలేరు. ఇచ్చినది పుచ్చుకుని దణ్ణం పెట్టి బయటపడితే చాలు. కృపావతి కట్టుకున్న చేతులు విప్పింది.

"విన్నానండి. ఒప్పుకోనండి."

ఎందుకని అడిగేరు జడ్జిగారు.

"నేను చదవకుండా పెట్టిన సంతకానికి శిక్ష పడిందండి, పడ్డానండి. ఆ కాయితం రాసి తెచ్చిన చేతిని నా సంతకం మీద పెడతానంటే మటుకు నాకీ అనుమతొద్దండి. రాట్నం దగ్గరే ఉంటానండి. ఇంగ్లీషు నేర్చుకుంటున్నానండి. ఇంక నేను చదవని కాయితం మా కంపెనీలో ఉండదండి."

అప్పుడే మేజిస్ట్రేటుకి ఇలా ఎందుకు చెప్పలేదని అడిగేరాయన.

"అప్పుడు కోర్టంటే పెద్దవాళ్ల ఇల్లనుకున్నానండి."

జడ్జిగారు తలొంచుకుని, రాసిందాంట్లో షరతున్న రెండు వరసలు కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టేరు.

మర్నాడు నర్సాపురంలో రైలు దిగి, రేవుకొచ్చి పంటెక్కేరు కృపావతీ, దానమ్మా. వసిష్ఠ గోదారి నిండుగా ఉంది. పంటు కదిలిందో లేదో కృపావతి మొదలెట్టింది. డొక్కలు నానేసే గుంట ఇంకోటి తవ్వించాలి. రెండు రాట్నాలకి ఇరుసులు మార్చాలి. షెడ్డు మీద తాటాకు పీకించి పెంకు వేయించాలి. గంగాధరరావు గారి కుర్చీ ఆయనింటికి పంపించెయ్యాలి, మర్యాదగా, రిక్షా కట్టించి. దానమ్మ తలూపుతూ లెక్కపెట్టి, మధ్యలో లెక్క మర్చిపోయింది. కాస్త ఊపిరి తీసుకోవే తల్లీ అంది. రెండేళ్ల మాటలు పిన్నీ, నీళ్ల మీదుండగానే అయిపోవాలి, దిగితే పనుంది అంది కృపావతి. సఖినేటిపల్లి ఒడ్డు తగిలేసరికి ఆవిడింకా చెబుతూనే ఉంది. ముందు దిగాల్సినవాళ్లు పక్కకి జరిగి, ఆవిడకి దారిచ్చేరు.