బటన్ మరిచిన గోడ

"ఊరికే చోటు తినేస్తోందని ఆ డబ్బాలో చెప్పులు పెట్టేశానమ్మాయ్" అన్నారు అత్తగారు. ఆ మాట అని నాలుగేళ్లయింది. ఆ రోజు కోడలు భోజనాల బల్ల తుడుస్తోంది. ఇవాళా అదే బల్ల తుడుస్తోంది. మధ్యలో తుడవని పూట లేదు గనుక ఆ పైచెక్క అంగుళం మేర అరిగిపోయిందనీ, ఇంకో నాలుగేళ్లు ఇలాగే తుడిస్తే ఇంటిల్లిపాదీ నేలమీద కూర్చుని తినాల్సొస్తుందనీ అంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి. డబ్బా సంగతి మాత్రం అక్షరాలా నిజం.

డబ్బా అంటే కంప్యూటరుకు ఒళ్లు కప్పే రేకు పెట్టె, క్యాబినెట్. కోడలి భర్త ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు కొనుక్కున్నాక, మూలనున్న పాతదాన్ని అత్తగారు ఒక మధ్యాహ్నం చేపను శుభ్రం చేసినట్టు శుభ్రం చేశారు. లోపలివన్నీ లాగి ఒక అట్టపెట్టెలో పోసి, రేకు పెట్టెను గుమ్మం పక్కన అడ్డంగా పడుకోబెట్టి, అందులో కొడుకు బూట్లు పెట్టారు. "ఎంత బాగా కుదిరిందో!" అని అందరూ మెచ్చుకున్నారు. కోడలు కూడా నవ్వింది. ఆ ఇంట్లో తనదంటూ ఉన్న ఒకే ఒక వస్తువు అదేనని నవ్వుతూ ఎలా చెప్పడమో ఆమెకు తెలియలేదు.

పెళ్లికి ముందు ఆమె కంప్యూటర్ల రిపేరు షాపులో పనిచేసేది. అక్కడ ఆమెను అందరూ చెవులమ్మ అనేవారు. కంప్యూటరు వెలిగించగానే లోపల చొక్కా గుండీ అంత బుల్లి స్పీకరు కూస్తుంది. ఒక్క పొట్టి కూత కూస్తే ఒంట్లో కులాసా. మూడుసార్లు కూస్తే ఒక జబ్బు, సాగదీసి కూస్తే ఇంకో జబ్బు. మిగతావాళ్లు పుస్తకం తిరగేసేలోగా ఈమె స్క్రూడ్రైవరు పట్టుకుని దాని పొట్టలో ఉండేది. ఒకసారి బస్సులో పోతూ, ఎవరి మేడమీదనో వినపడిన కూతకు "పాపం, వాళ్ల మెమొరీ వదులైంది" అందట. బస్సు కథలో ఎంత నిజముందో షాపువాళ్లకే తెలియాలి గానీ, "మగాళ్లెవరూ లేరా అమ్మా?" అంటూ వచ్చిన వాళ్లంతా మరుసటిసారి "ఆ చెవులమ్మ ఉందా?" అంటూ వచ్చేవాళ్లన్నది నిజం. పెళ్లికని మానేస్తుంటే షాపు యజమాని, "నీక్కావలసినవి ఏరుకో తల్లీ" అని సామానుల గది తెరిచాడు. కొత్త కోడలు నగల పెట్టెతో పాటు, తన చేత్తో బిగించుకున్న కంప్యూటరుతో అత్తారింట్లో అడుగుపెట్టింది.

"ఒక్కళ్లు సంపాదిస్తే చాలదా? ఇల్లు చూసుకునే మనిషి కావాలిగా" అన్నాడు భర్త మొదటి నెలలోనే, ఎంతో ప్రేమగా. ప్రేమగా అన్నమాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో చూడండి. తిడితే తిరగబడొచ్చు. అలా పదిహేడేళ్లు గడిచాయి. ఆ చెవులు మాత్రం ఖాళీగా లేవు. కుక్కరు కూస్తే వెళ్లాలి. బట్టల యంత్రం మోగితే వెళ్లాలి. కాలింగ్ బెల్లు, పాలవాడి సైకిలు గంట, అత్తగారి దగ్గు, దేనికి కూర్చున్నచోటి నుంచి లేవక తప్పింది? ఇంట్లో మోగేదల్లా ఆమెను పిలిచేదే. ఒక్కోసారి గిన్నెలు కడుగుతూ ఆమె చేతులు ఆపి వినేది. ఆ పొట్టి కూత. అది ఎవరినీ రమ్మనదు. 'నేను బాగున్నాను' అంటుంది, అంతే. పదిహేడేళ్లలో తన నోటినుంచి ఆ మాట వచ్చిందా అని వెతుక్కునేది. పంపు నీళ్లు పోతూనే ఉండేవి. "నీళ్లు!" అని అరిచేవారు అత్తగారు. చేతులు మళ్లీ కదిలేవి.

అలాంటి ఇంట్లో ఒకరోజు భర్త, కూతురి చిన్నప్పటి బొమ్మ ఇటుకల బకెట్‌ను కాలితో పక్కకు నెట్టి, "ఈ చెత్త ఎవరికైనా ఇచ్చెయ్యవోయ్" అన్నాడు. కూతురు తొమ్మిదో తరగతికొచ్చింది, ఆ ప్లాస్టిక్ ఇటుకలతో దానికేం పని? ఆ ఇల్లాలికి పారేసే వస్తువును కూడా కడిగి పారేసే జబ్బుంది. సబ్బునీళ్లలో ఇటుకలు కడిగి, తువ్వాలు మీద ఆరబెడుతూ, తెలియకుండానే ఒకదానిమీద ఒకటి పెట్టసాగింది. ఆమె నాన్న తాపీమేస్త్రీ. "అతుకు మీద అతుకు రాకూడదమ్మడూ, వచ్చిందా, గోడ ముసలాడి పన్నులా ఊడుతుంది" అనేవాడు. వేళ్లకు ఆ మాట గుర్తున్నట్టుంది, జాన ఎత్తు గోడ లేచాక గానీ ఆమె చూసుకోలేదు. చూసుకున్నాక లేచి వెళ్లి, అటకమీది అట్టపెట్టె దించింది. తెర కూడా అక్కడే దుప్పట్ల మూట కింద బతికి ఉంది. బుల్లి స్పీకరు మాత్రం లేదు. అది నాలుగు రోజుల తరువాత, అత్తగారి కుట్టుపని డబ్బాలో, చొక్కా గుండీల మధ్య దొరికింది.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అందరి కడుపులూ నిండి ఉంటాయి గనుక ఆ రెండు గంటలూ ఆమెవి. భోజనాల బల్లమీద పని, నాలుగు కొట్టగానే తీసెయ్యాలి. అందుకని పెద్ద పళ్లెంలో కట్టసాగింది, ఎత్తి మంచం కింద పెట్టుకోవడానికి. నలుగురికీ కావలసిన బరువంతా మోసే పలకకు మదర్‌బోర్డని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇల్లు తెలిసినవాడే. దాని కింద నాలుగు పొట్టి స్తంభాలు లేపింది. గాలి ఆడటానికి ఎదురుగోడలో కిటికీలు వదిలింది. కరెంటు పెట్టె బరువుకు మొదటి గోడ పక్కకు ఒరిగి, భళ్లున కూలింది. మళ్లీ రెండు వరసల మందంతో కట్టింది.

"మీ ఆవిడకు మళ్లీ చిన్నతనం వచ్చిందిరోయ్" అన్నారు అత్తగారు కొడుకుతో.

"రానీ అమ్మా, నా షర్టులు ఇస్త్రీ అయితే చాలు" అన్నాడాయన.

నవ్వులు గోడ మోకాలెత్తు వచ్చేదాకానే. ఇది నిజంగానే కంప్యూటరయ్యేలా ఉందని తెలిశాక ఇంట్లో గాలి మారింది. "నా లాప్‌టాప్ నత్తలా నడుస్తోందోయ్. దీన్ని నా గదిలో పెట్టించు. ప్రింటరు తీగకు ఒక కంత వదులు" అన్నాడు భర్త. "పెద్ద తెర కదమ్మా, నా సీరియళ్లు ఇందులో వస్తాయటగా. స్పీకర్లు తగిలించేందుకు చోటుంచు" అన్నారు అత్తగారు. "అమ్మా, నా ఫోను ఛార్జింగుకి?" అంది కూతురు. ఆమె అన్నిటికీ తలూపింది. అందరికీ తలా ఒక కంత వదిలింది. ఇలా తలూపిన వేగం చూస్తే ఆ మెడకు ఒక చిన్న మోటారు బిగించారేమో అనిపిస్తుంది.

శనివారం మధ్యాహ్నం పైకప్పు బిగిసింది. ఎరుపు, పసుపు, నీలం కలిసిన గోడలు. కూతురు చుట్టూ తిరిగి చూసింది.

"భలే ఉందమ్మా! ఇది నాన్నది, ఇది నానమ్మది, ఇది నాది. మరి ఆన్ చేసే బటనేదీ?"

ఆమె చూసింది. నాలుగు పక్కలా చూసింది. బటన్‌కు చోటు లేదు. వందల కంప్యూటర్లు విప్పి బిగించిన మనిషి, చెవులమ్మ, వెలిగించే చోటు మరిచిపోయి గోడ కట్టేసింది. అందరి తీగలకూ దారి ఉంది. తన వేలికి మాత్రం లేదు.

"మరిచిపోయావా?" అని నవ్వబోయిన కూతురు, తల్లి మొహం చూసి ఆగిపోయింది.

నవ్వొస్తే బాగుండుననిపించింది ఆమెకు. మొదటి ఇటుక పెట్టింది దేనికి? ఆ పొట్టి కూత వినడానికి. ఎప్పుడు జారిపోయింది ఆ సంగతి? ఎవరూ లాక్కోలేదు. ఎవరూ గద్దించలేదు. చోటుంచు అన్నారు, ఉంచింది. రేపు ఇది ఆయన గదిలోకి వెళుతుంది. ఆమె అందులోకి ఎప్పుడు వెళుతుంది? తుడవడానికి. పదిహేడేళ్లుగా తాను కట్టిన ఇల్లంతా ఇలాగే ఉందని, చేతికందే బొమ్మలా చేసి ఎవరో ఎదురుగా పెట్టినట్టయింది.

లేచి, వంటింటి సొరుగులోని స్క్రూడ్రైవరు తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచింది. చెప్పుల డబ్బా ముందు గొంతుక్కూర్చుంది. నాలుగేళ్లుగా ఆయన బూట్ల పక్కన, దుమ్ము కొట్టుకుని, ఆ గుండ్రటి బటన్ అక్కడే ఉంది. రెండు మరలు తిప్పి, తీగలతో సహా ఊడదీసింది.

"ఏంటోయ్ అది, నా షూ స్టాండుకి కన్నం పెడుతున్నావ్?" అన్నాడు భర్త సోఫాలోంచి.

"గాలి ఆడుతుంది లెండి. బూట్లు కంపు కొట్టవు."

కూతురు కిసుక్కున నవ్వింది. ఆమె తిరిగొచ్చి పైకప్పు విప్పింది. అత్తగారి కంత మూసింది. కూతురి కంత దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కూతురు తానే ఒక పసుపు ఇటుక ఏరి, అందులో నొక్కింది. "నాకు గోడకే ప్లగ్గుందిలేమ్మా" అంది. మిగిలిన కంతలో, ప్రింటరు తీగ కోసం వదిలినదానిలో, బటన్ కొలతపెట్టి చేసినట్టు పట్టింది.

"మరి నా ప్రింటరో?" భర్త వెనక వచ్చి నిలబడ్డాడు.

"మీ లాప్‌టాప్ నా షాపుకి తీసుకురండి. నత్తను గుర్రం చేసిస్తాను."

"షాపా? ఏం షాపు?"

ఆమె బల్లవైపు చూపించింది. "ఇదే. నాలుగు కొట్టినా తియ్యను. భోజనాలు అటువైపు చెయ్యండి."

ఆయన ఏదో అనబోయాడు గానీ, ఈలోగా ఆమె వేలు బటన్ మీద ఉంది. ఫ్యాను ఒకసారి దగ్గి, తిరిగింది. ఆమె కుర్చీలో కూర్చుని చెవి ఒగ్గింది. ఒక క్షణం. రెండు క్షణాలు. ఇంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఇంతకుముందు లేదు, గోడమీది బల్లి కూడా తల తిప్పి చూసిందంటారు.

'కీ.'

ఒక్కటే. పొట్టిది.

"ఏదో కూసిందమ్మాయ్, లేచి వెళ్లి చూడు" అన్నారు లోపలి గదిలోంచి అత్తగారు.

"చూస్తున్నానత్తయ్యా" అంది ఆమె, కూర్చున్నచోటి నుంచి లేవకుండా.