అత్తయ్య దస్తూరి

ఎడంచేత్తో వంకాయలు తరగడం రెండు పూటల్లో వచ్చేసింది నాకు. కట్టు వేసిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కత్తిపీట ముందు కూర్చుంటే, ఒకటి రెండు సార్లు వేలు తెగడం తప్ప పెద్ద ఇబ్బందేమీ లేదు. కోడలి చెయ్యి విరిగింది కదా అని ఈ ఇంట్లో ఎవరూ ఒక్క పూట కూడా హోటలు నుంచి తెచ్చుకోలేదు. "ఎడంసెయ్యి ఉంది కదేటి" అన్నాడు మా ఆయన, కంచం ముందు కూర్చుంటూ.

విరిగింది అనకూడదు. విరిచాడు. మా ఆయన ఉమాశంకర్‌కి పలాసలో జీడిపప్పు వ్యాపారం. ఇంటి వెనకాలే జీడిపిక్కలు కాల్చే బట్టీ. డిగ్రీ ఆఖరి ఏడాదిలో నాకు పెళ్లి చేశారు. లెక్కల్లో రియల్ ఎనాలిసిస్ పేపరొక్కటి మిగిలిపోయింది. పాత సిలబస్ వాళ్లకి ఇదే చివరి అవకాశమనీ, పరీక్ష వచ్చే వారమేననీ యూనివర్సిటీ ఉన్నట్టుండి ప్రకటించింది. ఆ పేపరు పోతే డిగ్రీ లేదు, బి.ఇడి. లేదు, టీచరుద్యోగం లేదు. ఇక జీవితమంతా ఆ బట్టీ పొగలోనే.

ఆ రోజు బీరువా పక్కన కూర్చుని లెక్క చేస్తున్నాను. పులుసులో ఉప్పెక్కువైందని వచ్చాడు. అరవలేదు. అరిస్తే నాకింత భయం ఉండేది కాదు. పెన్నుతో ఉన్న నా చేతిని అలాగే పట్టుకుని, బీరువా తలుపు సందులో పెట్టి మూశాడు. తెరిచి మళ్లీ మూశాడు. "ఇప్పుడు రాయే" అన్నాడు. హాల్లో మా అత్తయ్య నీలవేణి రామకోటి రాసుకుంటోంది. నా కేకకి వీధిలో కుక్కలు మొరిగాయి. ఆవిడ పెన్ను మాత్రం ఆగలేదు.

డాక్టరు అడిగితే ఆవిడే చెప్పింది. "బాత్రూంలో జారి పడిపోనాది బాబూ." తడబాటన్నది లేదు. నోటికి బాగా అలవాటైన మాటలా వచ్చింది. అప్పుడు చూశాను ఆవిడ ఎడమ మణికట్టు వంకర. ఈ ఇంట్లో బాత్రూంలో జారిపడ్డ కోడల్ని నేనొక్కదాన్నే కాదు.

ఇంటికొచ్చాక బట్టీ దగ్గర నిలబడి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. జీడి నూనె ఒక్క గరిటెడు వాడి ముఖాన పోస్తే చాలు. పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు రోజూ చూస్తూనే ఉన్నాను, తోలు ఎలా ఊడివస్తుందో నాకు తెలుసు. గరిటె చేతిలోకి తీసుకున్నాను కూడా. పెట్టేశాను. దయ తలిచి కాదు. జైల్లో కూర్చుంటే పరీక్ష పోతుంది.

కాలేజీకి ఫోన్ చేస్తే, చెయ్యి బాగోనివాళ్లు చెబుతుంటే వేరేవాళ్లు రాయవచ్చన్నారు. రాసేవాళ్లు డిగ్రీ చదివి ఉండకూడదట. మా అత్తయ్య పదో తరగతి. అన్ని లక్షల సార్లు రామనామం రాసిన చెయ్యి, కొట్టివేత అన్నది ఎరగని దస్తూరి. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"నా పరీక్ష మీరు రాయాలి అత్తయ్యా."

"నీకు మతిపోనాదేటే? మా శంకరానికి తెలిస్తే సంపేత్తాడు."

"రాయకపోతే మళ్లీ డాక్టరు దగ్గరికెళ్తాను. బాత్రూం కాదని చెప్తాను."

నా కట్టు వంక చూసింది. "పరీచ్చ రాత్తాను. ఆ మాట మాత్రం నీ నోట రాకూడదు. ఒట్టెయ్యి."

వేశాను.

రాయడానికి చెయ్యి లేదు కాబట్టి చదువంతా నోటితోనే. బియ్యం కడుగుతూ, గిన్నెలు తోముతూ సిద్ధాంతాలు పైకి వల్లించేదాన్ని. నెమ్మదిగా మాట్లాడమని పెళ్లయిన కొత్తలోనే చెప్పారు నాకు. ఇప్పుడు నా గొంతు బట్టీ దాకా వినబడేది. "నీ పెళ్లానికి పిచ్చెక్కిందేటి బావా?" అని మా ఆయన్ని అడిగాడట ఎవడో. చెయ్యి లేనిది ఏం రాస్తుందిలే అని వాడు పట్టించుకోలేదు. మధ్యాహ్నాలు అత్తయ్యకి గుర్తులు నేర్పాను.

"ఇదేటి, తిరగేసిన మూడు?"

"ఎప్సిలాన్. ఎంత చిన్నదైనా కావచ్చు అత్తయ్యా. సున్న మాత్రం కాదు."

"అంత సిన్నదాన్ని పట్టించుకోడమెందుకే?"

"పట్టించుకోకపోతే మొత్తం తప్పయిపోతుంది."

ఆవిడ ఒక పేజీ నిండా తిరగేసిన మూళ్లు రాసింది, వరసగా, రామకోటి లాగే.

పరీక్ష రోజున, కట్టు చూపించుకోవాలని ఇంట్లో చెప్పి టెక్కలి కాలేజీకి వెళ్లాం. మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టారు. "ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాయాలమ్మా. ఒక్క ముక్క కలపకూడదు, తియ్యకూడదు" అన్నాడు ఇన్విజిలేటరు. అత్తయ్య తలూపింది.

రోల్ సిద్ధాంతంతో మొదలుపెట్టాను. సంవృతాంతరంలో అవిచ్ఛిన్నం, వివృతాంతరంలో అవకలనీయం. ఆవిడ రాసుకుంటూ పోయింది. నేను ఎక్కడన్నా ఆగితే, తల ఎత్తి, "ఊఁ, తర్వాత?" అంటోంది. ఈ ఇంటికొచ్చాక నన్ను తర్వాతేమిటని అడిగిన మనిషి లేదు. తర్వాతి వాక్యం చెప్పాను. చివరికి ఒక్క ప్రశ్న తప్ప అన్నీ రాశాం. పాసవుతానని నాకు తెలిసిపోయింది.

గేటు బయట వాడున్నాడు. ఎవరు చెప్పారో మరి. కట్టు మీదే పట్టుకుని గుంజాడు. కళ్లు బైర్లు కమ్మాయి.

"పాసైపోయి ఏటి సేత్తావే? నన్నొగ్గేసి పోతావా? ఆ ఎడంసెయ్యి కూడా ఇరిసేత్తాను సూడు."

"ఒరే, కట్టురా! సెయ్యొగ్గీరా!" అంది అత్తయ్య అడ్డం వచ్చి. మోచేత్తో ఒక్క తోపు తోశాడు తల్లిని. ఆవిడ కళ్లజోడు ఎగిరి రోడ్డు మీద పడింది. చుట్టూ జనం గుమిగూడుతుంటే, "ఇంటికి రండి, మీ ఇద్దరి సంగతీ సెప్తాను" అని బండెక్కి వెళ్లిపోయాడు.

అత్తయ్య వంగి, ఒక అద్దం పగిలిన కళ్లజోడు తీసి పైటతో తుడిచి పెట్టుకుంది. నేను ఆటో ఎక్కాను. ఎక్కడికని అడక్కుండా ఆవిడా ఎక్కింది.

"పోలీస్ స్టేషన్‌కి పోనీ బాబూ" అన్నాను.

స్టేషన్లో ఆడ కానిస్టేబులు తెల్ల కాగితం ఇచ్చి రాసిమ్మంది. నేను కట్టు చూపించి, కాగితం అత్తయ్య ముందుకి జరిపాను.

"ఒట్టేసినావు" అంది ఆవిడ.

"వేశాను. తప్పుతున్నాను. రాయండి అత్తయ్యా. నా భర్త ఉమాశంకర్ నా కుడిచేతిని బీరువా తలుపులో పెట్టి విరిచాడు. మా అత్తగారు హాల్లోనే ఉన్నారు. విన్నారు."

ఆవిడ కాగితం వంక చూసింది. పగిలిన అద్దంలోంచి నన్ను చూసింది. వంకర మణికట్టుతో కాగితం అదిమిపట్టి, పెన్ను మూత తీసి, కానిస్టేబులు వైపు తిరిగింది.

"తారీకు పైన ఎయ్యాలా అమ్మా, కింద ఎయ్యాలా?"