పై అరలో బార్లీ

బార్లీ రవ్వ మీద నీళ్ళు చిలకరించి, అరచెయ్యి ఆనీ ఆననట్టు గుండ్రంగా తిప్పుతోంది ధావియా. ఆ తిప్పడంలో తొందర లేదు. రవ్వను తడి పట్టుకుంటుంది, తడిని పిండి పట్టుకుంటుంది, చూస్తుండగానే ఆవగింజలంత కుస్కుసు పలుకులు వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటాయి. చెక్క పళ్ళెంతో పాటే ఆమె ఒళ్ళూ ఊగుతోంది. ఉదయపు ఎండ ఇంకా మండువా గోడ సగం దాకానే దిగింది. ఆ వెలుతురులో పిండి పొగలా లేచి, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడక్కడే తిరుగుతోంది.

పొట్టి మనిషి. చుబుకం మీద చిన్నప్పుడు పొడిచిన పచ్చబొట్టు ముడతల్లో కలిసిపోయి, ఇప్పుడది ఆకో చేపో చెప్పలేం. ఎడమ కంట్లో శుక్లం. చేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. నిన్నటి నుంచి ఆ ఎడమ చెయ్యి బరువుగా ఉంది. మోచేతి దగ్గర ఎవరో పట్టుకుని వేలాడుతున్నట్టు ఉంది. అరవై దాటిన చెయ్యి అలాగే ఉంటుందిలే అనుకుని ఊరుకుంది.

కైరవాన్ ఊళ్ళో ఆగస్టు వచ్చిందంటే ఏడాది తిండి తయారు కావాలి. కుస్కుసు చుట్టి మేడ మీద దుప్పట్లు పరిచి ఎండబెట్టాలి. మిరపకాయలు దండలు కట్టాలి. ధనియాలు వేయించి దంచాలి. కొట్టుగదిలో జాడీలన్నీ దించి, కడిగి, కొత్త గింజ అడుగున పోసి, మిగిలిన పాత గింజ పైన పోయాలి. ఒకప్పుడు ముప్పై ఇళ్ళవాళ్ళు ధావియా కోసం వంతులు వేసుకునేవాళ్ళు. తర్వాత పొట్లాల కుస్కుసు వచ్చింది. రంగు పొట్లం కత్తిరించి వేణ్ణీళ్ళలో పడేసి, అదీ తిండే అనుకునే జనం వచ్చారు. ఎవరి కడుపు వాళ్ళిష్టం. ఈ ఏడు ధావియాకు మిగిలింది ఒక్క ఇల్లు. సీ తిజానీ ఇల్లు. ఆ ఊళ్ళో పెద్దింటి మగవాళ్ళను సీ అని, ఆడవాళ్ళను లల్లా అని గౌరవంగా పిలుస్తారు.

సీ తిజానీ తివాచీల వెనక ముద్ర కొట్టే ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి దిగిన మనిషి. ఖర్జూరపు చెట్టంత పొడుగు. చక్కెర జబ్బు కుడి పాదంలో రెండు వేళ్ళు తినేసింది. మూడో వేలి కింద ఇప్పుడొక పుండు. "నలభై రోజులు చూస్తాను. ఆరితే సరే, ఆరకపోతే చీలమండ దాకా తీసెయ్యాలి" అని డాక్టరు ఒక కాగితం రాసిచ్చాడు. పదిహేను రోజులు అయిపోయాయి. పుండు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది.

ఆ కాగితం పట్టుకుని సీ తిజానీ భార్య బెయ్యా మండువాలోకి వచ్చింది. లావుపాటి మనిషి, నిద్రలేని కళ్ళు.

"ఇంకోసారి చదువుతాను, విను. బార్లీ, మసూరు పప్పు, శనగలు, మెంతులు, ఆకుకూరలు, ఆలివ్ నూనె. తెల్ల రవ్వ వద్దు, తేనె వద్దు, ఉప్పు తగ్గించాలి."

"ఇదంతా మా ఇంటి తిండే కదా లల్లా. దీనికి డాక్టరు దాకా పోవడం ఎందుకు? మా గుమ్మం ముందు నిలబడి వాసన చూస్తే సరిపోయేది."

"నీ ఎకసెక్కాలకేం గాని, నాకు భయంగా ఉంది ధావియా. నేను పెట్టేదంతా ఈ కాగితం ప్రకారమే. ఆ పుండు మాత్రం ఆరదు."

ధావియా చేతుల పిండి దులుపుకుని లేచింది. ఆ ఊళ్ళో పేదవాళ్ళు తరతరాలుగా బార్లీ తిన్నారు, తెల్ల రవ్వ కొనలేక. ఆ మాట పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు కూడా. అదే బార్లీని ఇప్పుడు డాక్టరు కాగితం మీద రాస్తే పెద్దిళ్ళవాళ్ళు మందులా చదువుకుంటున్నారు.

కొట్టుగది చల్లగా, చీకటిగా ఉంది. పైకప్పులో ఒక్క చిన్న కిటికీ. దానిలోంచి దిగే వెలుతురు నూనె కుండల భుజాల మీద పడి నిద్రపోతున్నట్టు ఉంటుంది. గోడకు మూడు అరలు. ధావియా తల వెనక్కి వాల్చి పై అర వంక చూసింది.

"చక్కెర ఎక్కడ పెట్టావు?"

"పైనే. చక్కెర, తేనె, మక్రూద్‌లు అన్నీ అందకుండా పై అరలో పెట్టాను. పిల్లలున్నప్పుడు మా అత్త అలాగే పెట్టేది."

"ఎవరికి అందకుండా లల్లా? నీకా, ఆయనకా?"

బెయ్యా కూడా తలెత్తి పై అర వంక చూసింది. అర అంచంతా దుమ్ము. ఒక్క చోట, ఖర్జూరం కూరి నూనెలో వేయించి తేనెలో ముంచే మక్రూద్‌ల జాడీ ముందు మాత్రం ఎవరో రోజూ తుడుస్తున్నట్టు నున్నగా ఉంది. సీ తిజానీ నిలబడి చెయ్యి చాపితే సరిగ్గా అక్కడికే వస్తుంది.

"పప్పులూ బార్లీ నేల అరలో మూలుగుతున్నాయి," అంది ధావియా. "ఆయన మోకాళ్ళు వంగి ఎన్నేళ్ళయింది? నమాజు కూడా కుర్చీలోనే కదా. ఇదంతా తలకిందులు చేసెయ్యాలి. తీపి నేలకి, బార్లీ పైకి."

"తేనెని, చక్కెరని నేలబారున పెట్టమంటావా? దేవుడిచ్చిన తిండిని కాళ్ళ దగ్గర పెడతారా ఎవరైనా?"

"మరి ఇన్నేళ్ళూ బార్లీ ఎక్కడుంది లల్లా?"

బెయ్యా కాగితం మడిచి రొంటిన దోపుకుని, "నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. నేను ఆవిరి కుండ పొయ్యి మీద పెడతాను," అని వెళ్ళిపోయింది.

ధావియా ఒక్కో జాడీ దించింది. మూత తీసి వాసన చూసింది. ఆమెకు చదువు లేదు గాని మూత తీస్తే చాలు, ఇల్లంతా చదివేస్తుంది. ఎండు గులాబీ రేకులు ఇక్కడ, నారింజ పూల నీళ్ళు అక్కడ. శనగల జాడీలో బిరియానీ ఆకు, పురుగు పట్టకుండా ఆమే వేసింది, మూడేళ్ళ కిందట. జాడీలు కడిగి ఎండలో బోర్లిస్తుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నిద్ర పట్టని రాత్రుల్లో ఆమెకు ఒక అలవాటుంది. ముప్పై ఇళ్ళ కొట్టుగదుల్లోకి ఒకదాని తర్వాత ఒకటిగా మనసులోనే నడిచి వెళ్తుంది. ఈ ఇంట్లో అత్తిపళ్ళ దండ, ఆ ఇంట్లో పగిలిన అంచు జాడీ. యజమానులు చచ్చిపోయినా, ఇళ్ళు అమ్ముడుపోయినా ఆ గదులన్నీ ఆమె తలలో నిండుగానే ఉన్నాయి. ఆమె సొంత ఇంట్లో మాత్రం గోడకు కొట్టిన ఒక్క చెక్క, దాని మీద ఉప్పు డబ్బా.

ఇప్పుడు పగలే అలా నడుస్తోంది. ఏ ఇంట్లో ఉందో ఒక్క క్షణం తెలియలేదు. చేతిలో ఉన్నది మెంతుల జాడీ అని వాసన చెప్పింది. ఆ వాసన పట్టుకుని వెనక్కి వచ్చింది.

మధ్యాహ్నం బెయ్యా తలనొప్పని గదిలో పడుకుంది. ఊరంతా తలుపులు వేసుకుంది. తీపి జాడీలు అప్పటికే నేల అరలో వెనక్కి చేరాయి. నడి అరలో పప్పులు, ఆకుకూరల ఎండు కట్టలు. మెంతుల జాడీ, బసీసా జాడీ పై అరకు ఎక్కాయి. బసీసా అంటే బార్లీని శనగల్ని వేయించి, ధనియాలతో విసిరిన పేలపిండి. ఇక ఎక్కాల్సినవి కుస్కుసు జాడీలే. నిన్నా మొన్నా చుట్టి ఎండబెట్టినది మేడ మీది నుంచి దించి, వాటిలోకి పోస్తోంది. అప్పుడు చేతికర్ర చప్పుడైంది.

సీ తిజానీ గుమ్మంలో నిలబడ్డాడు. తల గుమ్మం పైకమ్మిని తాకుతోంది. కుడి కాలికి కట్టు.

"ధావియా."

"ఊఁ."

"ఆ పచ్చమూత జాడీ ఇలా అందివ్వు."

"దాంట్లో మక్రూద్‌లున్నాయి."

"మరి నేను మేకులకోసం వచ్చాననుకున్నావా?"

ఆమె జాడీలోకి గింజ పోస్తూనే ఉంది.

"నా ఇంట్లో నాకే కాపలా పెట్టారన్నమాట," అన్నాడు.

"కాపలా ఎవరూ లేరు సీ తిజానీ. అదిగో అక్కడే ఉంది. వంగి తీసుకోండి. నేను అటు తిరుగుతాను."

నిజంగానే గోడ వైపు తిరిగింది. వెనక కర్ర ఆనిన చప్పుడు, అర చెక్క పట్టుకున్న చప్పుడు, మోకాలు కటుక్కుమన్న చప్పుడు వినిపించాయి. తర్వాత ఎగశ్వాస. కాసేపటికి మళ్ళీ లేచి నిలబడ్డ చప్పుడు. చేతికేమీ దొరకలేదు.

"మీ ఆయన మక్రూద్‌ల కొట్లోనే కదా పనిచేసింది," అన్నాడు, కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక.

"ముప్పై ఏళ్ళు నూనె బాణలి ముందు నిలబడ్డాడు. విరిగిన ముక్కలు వాళ్ళు ఊరికే ఇచ్చేవాళ్ళు. సంతోషపడేవాళ్ళం, చక్కెర కొనక్కర్లేదని." ధావియా ఇటు తిరిగింది. "చివరికి చక్కెర జబ్బుకి ఆయన కాలు మోకాలి దాకా తీసేశారు. తీశాక కూడా రాత్రుళ్ళు ఆ పాదం దురద పెడుతోందనేవాడు. లేని పాదం."

"మరి నువ్వేం చేసేదానివి?"

"గోకేదాన్ని."

"దేన్ని?"

"చాపని. పాదం ఉండాల్సిన చోట చాప మీద గోకేదాన్ని. కొంచెం కిందకి, కొంచెం పక్కకి అని చెప్పేవాడు. హాయిగా ఉందనేవాడు. ఎనిమిది నెలలు గోకాను."

కిటికీ వెలుతురు నేల మీద కొంచెం జరిగింది. మండువాలో ఆవిరి కుండ మూత కదిలిన చప్పుడు. సీ తిజానీ తన కట్టు వంక చూసుకున్నాడు. ఎవరిదో పరాయి వస్తువు తన గుమ్మంలో వదిలి వెళ్తే చూసినట్టు చూశాడు. పడకుండా ఉండటానికి చెయ్యి పైకి చాపి అర పట్టుకున్నాడు. చేతికి బసీసా జాడీ తగిలింది.

"ఇదేంటి?"

"మీ చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడే పెట్టాను."

ఆమె గిన్నెలో ఇంత పిండి వేసి, ఆలివ్ నూనె వంచి, వేళ్ళతో కలిపి ఇచ్చింది. నిలబడే తిన్నాడు. చాలాసేపు నమిలాడు.

"మట్టిలా ఉంది."

"మొదటి నెల అంతే. తర్వాత అదే బాగుంటుంది. నేనెందుకు అబద్ధం చెప్తాను, పుట్టినప్పటి నుంచీ తింటున్నాను."

నవ్వాడో మూలిగాడో తెలియని చప్పుడు చేసి, గిన్నె ఖాళీ చేసి ఆమె చేతికిచ్చాడు. కర్ర చప్పుడు మండువా దాటి, గది దాకా వెళ్ళి ఆగిపోయింది.

మిగిలిన జాడీల్లో కుస్కుసు నింపి, మూతలకు గుడ్డలు కట్టింది ధావియా. పై అర ఆమెకు అందదు. పొద్దుట్నుంచీ ఎక్కి దిగుతున్న ఖాళీ నారింజ పళ్ళ పెట్టెనే మళ్ళీ అర ముందు బోర్లించింది. ఒక్కో జాడీ గుండెకు ఆనించుకుని ఎక్కింది, పెట్టింది, దిగింది. నాలుగోసారి ఎక్కినప్పుడు చెవుల్లో సముద్రం లాంటి హోరు. ఆమె సముద్రం ఎప్పుడూ చూడలేదు. చివరి జాడీ అర మీద కూర్చున్నాక, దాన్ని కొంచెం ముందుకు జరిపింది, పొడుగు మనిషి మోచెయ్యి వంచకుండా తీసుకునేట్టు. దిగింది. కాసేపు కూర్చుంటే పోయేదే కదా అనుకుని నూనె కుండల మధ్య గోడకు చేరగిలబడింది. చల్లగా ఉంది. ఎవరి ఇంటి కొట్టుగదో అనుకుంది. అన్నీ నిండుగా ఉన్నాయి. మూతలన్నీ వేసి ఉన్నాయి.

సాయంత్రం ప్రార్థన పిలుపు అయ్యాక బెయ్యా వచ్చి పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు.

మర్నాడు ఊరి బయట ధావియాను మట్టిలో పెట్టారు. వచ్చినవాళ్ళు కొద్దిమంది. ముప్పై ఇళ్ళలో రెండిళ్ళ వాళ్ళు వచ్చారు. మిగతావాళ్ళకు తెలియలేదని అనుకుందాం. సీ తిజానీ టాక్సీలోంచి దిగలేకపోయాడు. అద్దం దించి, అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

ఆ తర్వాత రోజులు వాటి పాటికి అవి నడిచాయి. ఆయన ఆకలేసినప్పుడల్లా గుమ్మంలో నిలబడి చెయ్యి చాపేవాడు. చేతికి ఏది వస్తే అది తినేవాడు. గడువు పెట్టిన నలభయ్యో రోజున డాక్టరు కట్టు విప్పి, వేలితో నొక్కి చూసి, పుండు మూసుకుపోయిందన్నాడు. వచ్చే నెల మళ్ళీ రమ్మని కాగితం రాశాడు.

బెయ్యా కొట్టుగది వారానికోసారి ఊడుస్తుంది. పై అర ముందు మాత్రం చీపురు పక్కకు తిప్పుతుంది. అక్కడ నారింజ పెట్టె ఇంకా బోర్లించే ఉంది. దాని చెక్క మీద, బార్లీ పిండిలో, రెండు చిన్న పాదాలు, పది వేళ్ళతో.