అమ్మమ్మ విప్పిన కెమెరా

ఆ ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాని ఆయుష్షు ఒక గంట. అమ్మమ్మ కంటబడిందా, ప్లాస్టిక్ ఒక కుప్ప, ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప అయిపోవాల్సిందే. పాత సామాను విడదీసి అమ్మడం నలభై ఏళ్లుగా ఆవిడ పని. చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే ఇక లోకం కనిపించదు.

అలాంటి ఇంటి వసారాలో, విప్పాల్సిన ఫ్యాన్ల పక్కనే కెమెరా పెట్టి మనవరాలు పిట్ట స్నానానికి వెళ్లింది. బుద్ధితక్కువ పనే, ఒప్పుకోవాలి. పదకొండేళ్ల పిల్ల మరి.

కెమెరా ఎవరో దాతలు ఇచ్చింది. పేటలో పిల్లలకు ప్రతి ఆదివారం ఫొటోలు తీయడం నేర్పే కుర్ర మాస్టారు పన్నెండు మందికి పన్నెండు పంచాడు. "పాడు చేసినవాళ్ల పేరు కొట్టేస్తాను. బయట ఇంకా ముప్పై మంది కాచుకుని ఉన్నారు" అని మొదటి రోజే చెప్పాడు. పిట్టకేమో వారమంతా ఆ ఆదివారం కోసమే గడిచేది.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి కెమెరా మూడు కుప్పలుగా ఉంది.

"అమ్మమ్మా! అది నాది!"

"ఫ్యాన్ల పక్కనుంటే సరుకనుకున్నానే!"

మనవరాలి మొహం చూశాక ఆవిడ గబగబా బిగించబోయింది. విప్పడంలో దిట్టే గానీ, బిగించడం ఏనాడూ చేసిన పని కాదు. చివరికి నాలుగు స్క్రూలు మిగిలాయి, కెమెరా మాత్రం కళ్లు తెరవలేదు. పిట్ట ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం అమ్మమ్మే ముందు నడిచి, కెమెరా, మిగిలిన ముక్కలు కట్టిన మూట తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పింది. మాస్టారు నోరెళ్లబెట్టాడు. మూటలోంచి మెమరీ కార్డు ఏరి కంప్యూటర్లో పెట్టాడు. తెర మీద అమ్మమ్మ వేళ్లు, రాగి తీగ చుట్ట, ఫ్యాను రెక్కల సందులోంచి పళ్లు లేని నోటితో నవ్వుతున్న అమ్మమ్మ.

"అది నేనేనా?" అంది ఆవిడ. "ఫొటోలు కూడు పెడతాయా అని రోజూ దీన్ని సాధించాను బాబూ. ఇది తీసేది నన్నేనని తెలీదు." కళ్లు తుడుచుకుంది.

"ఫొటోలు చాలా బాగున్నాయి మామ్మగారూ. కానీ అందరికీ పెట్టిన షరతు కదా," అన్నాడు మాస్టారు ఇబ్బందిగా. "పాడు చేసినవాళ్ల పేరు కొట్టెయ్యాలి."

"కొట్టెయ్యి నాయనా. పాడు చేసింది నేను. నా పేరు రాసుకో, రాసుకుని కొట్టెయ్యి."

పిల్లలు గొల్లుమన్నారు. మాస్టారు నవ్వాపుకోలేక హాజరు పుస్తకం తెరిచాడు. పిట్ట పేరు జోలికి పోలేదు. దాని కింద అమ్మమ్మ పేరు రాశాడు, కొట్టెయ్యబోయి కలం ఆపాడు.

"బీరువాలో పనిచేయని కెమెరాలు ఐదున్నాయి. లోపల ఏముంటుందో వీళ్లకు విప్పి చూపిస్తారా?"

"విప్పుతా. బిగించడం మాత్రం నీ పని!"

మరుసటి ఆదివారం మాస్టారు తన సొంత కెమెరా పిట్ట మెడలో వేశాడు. అమ్మమ్మ పాత కెమెరా విప్పుతున్న బల్ల చుట్టూ పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఎవరో "టీచరమ్మా, ఇదేంటి?" అని అడిగారు. ఏ టీచరమ్మ వచ్చిందా అని అమ్మమ్మ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. అక్కడెవరూ లేరు. పిల్లలంతా తన వైపే చూస్తున్నారు.

పిట్ట ఆ క్షణాన్నే ఫొటో తీసింది.